బద్ద విరిగిన శనివారం

జులై, శనివారం. రాత్రి పదిన్నర.

కుడిచేతి చూపుడువేలికీ బొటనవేలికీ ప్లాస్టర్లు వేసుకుని టైప్ చేస్తున్నాను. అక్షరదోషాలుంటే వాటి ఖాతాలో వేసేయండి.

పొద్దున ఏడున్నరకి బయల్దేరుతుంటే మావారు దుప్పట్లోంచే "మళ్ళీ బుట్టలకేనా?" అన్నారు. మళ్ళీ బుట్టలకే, అల్లడం నేర్చుకోవడానికి. మేముండే మసీనా నుంచి రూట్ 37 మీద ఇరవై నిమిషాలు వెళ్తే అక్వెసాస్నే. సెయింట్ లారెన్స్ నది ఒడ్డున మోహాక్‌ల నేల అది. అమెరికా, కెనడా సరిహద్దు దాని మధ్యలోంచే పోతుంది. ఇటు న్యూయార్క్, అటు ఒంటారియో, క్విబెక్. ఊరు ముందు నుంచీ ఉంది, గీతలే తర్వాత వచ్చాయి. నేను ఏ గీతకి ఎటు పక్కన ఉన్నానో నా ఫోనుకి ఎప్పుడూ అనుమానమే. ఉండి ఉండి "వెల్కమ్ టు కెనడా" అంటుంది. రోమింగ్ బిల్లుకి భయపడి దాన్ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పడేసి లోపలికి వెళ్తాను. దానివల్ల రోజంతా ఎవరూ నన్ను కదపరు. అది వేరే లాభం.

తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా... ఈ ఆరు జాతుల సమాఖ్యని హోడెనోషోనీ అంటారు. పొడవాటి ఇంటి జనం అని అర్థం. ఇరోక్వాయ్ అన్నది బయటివాళ్ళు పెట్టిన పేరు. మన చిన్నప్పటి పుస్తకాల్లో అయితే అందర్నీ కలిపి "రెడ్ ఇండియన్లు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. పరీక్షకి అంతే సరిపోయింది కూడా.

ఏప్రిల్ నుంచి నెలకి రెండు శనివారాలు వెళ్తున్నాను. నేర్పే పెద్దావిడకి డెబ్భై దాటాయి. పేరు రాయను, రాయొచ్చా అని అడగలేదు కాబట్టి. ఇవాళ నేను కారు దిగేసరికి పెరట్లో దుంగని కొడుతున్నారు. ఆ చప్పుడు రోడ్డు మీదికే వినిపిస్తోంది. ఆవిడ మేనల్లుడు గొడ్డలి వెనక మొద్దుతో కొడుతున్నాడు. ఒక్క అంగుళం వదలకుండా, ఈ చివర నుంచి ఆ చివర దాకా వరసగా. మళ్ళీ మొదటికి. కొట్టేది ఎక్కువగా మగవాళ్ళు, అల్లేది ఎక్కువగా ఆడవాళ్ళు. కానీ వయసులో ఉన్నప్పుడు తనే కొట్టుకున్నానని ఆవిడ చెప్పింది. ఇప్పటికీ భుజం సలుపుతుందట.

ఆ దుంగ బ్లాక్ యాష్ అనే చెట్టుది. మాటకి మాట మారిస్తే "నల్ల బూడిద" అవుతుంది, అమ్మకి అలాగే చెప్పి కాసేపు అయోమయంలో పెట్టాను. చిత్తడి నేలల్లో పెరుగుతుంది. వసంతంలో ఈ చెట్టు వేసుకునే పొర గుల్లగా ఉంటుంది, ఆ తర్వాత వేసుకునేది గట్టిగా ఉంటుంది. దెబ్బల మీద దెబ్బలు పడేసరికి గుల్ల పొర నలిగిపోయి గట్టి పొర నిలువునా రిబ్బనులా ఊడి వస్తుంది. అదే బద్ద. చెట్టు వయసులో ఒక ఏడాది, చేతిలో ఒక బద్ద. రంపంతో కోసిన చెక్క ఇలా వంగదు, రంపం నారని మధ్యలో తెగ్గోస్తుంది. మా ఊరి మేదరి వీధిలో వెదురు చీల్చడం చూస్తూ పెరిగినదాన్ని, బద్దల సంగతి నాకు తెలియకపోవడమేంటి అనే ధీమాతో ఏప్రిల్‌లో వచ్చాను. వెదురు కత్తికి లొంగుతుంది. ఇది దెబ్బలకి లొంగుతుంది. నా ధీమా మొదటి గంటలోనే పోయింది.

మొదటిసారి వచ్చినప్పుడు, ఊడిన పొరల్ని లెక్కపెట్టి మా అమ్మాయి పుట్టిన ఏడాది బద్ద ఏదో కనిపెడదామని చూశాను. ఆవిడకి నవ్వొచ్చింది. "ఏ ఏడాదైతే నాకెందుకు? మందం ఎంతుందో చూడు" అంది. నీళ్ళు సరిగ్గా అందని ఏళ్ళ పొరలు పల్చగా ఉంటాయి, కొన్నిటికి పనికొస్తాయి, కొన్నిటికి రావు. ఆవిడ గోటితో అలా నొక్కి చూసి కుప్పలు వేరు చేస్తుంది.

ఇవాళ నా పని చీల్చడం. ఊడొచ్చిన బద్ద పైన గరుకుగా ఉంటుంది. దాన్ని మందంలో మళ్ళీ రెండుగా చీలిస్తే లోపలి ముఖం పట్టుబట్టలా తళతళలాడుతుంది. మంచి బుట్టల్లో బయటికి కనిపించేది ఆ ముఖమే. బద్ద చివర కత్తితో చిన్న గాటు పెట్టాలి. రెండు చెక్కల్ని కలిపి చేసిన సాధనం ఒకటుంటుంది, దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, సందులోంచి బద్దని పైకి తీస్తూ రెండు సగాల్నీ చెరో చేత్తో చెరో పక్కకి లాగాలి. చీలిక నడిమధ్యలో నడిస్తే అదృష్టం. నడవదు. ఒక సగం మందమైపోతూ ఉంటుంది. అప్పుడు మందంగా ఉన్న సగాన్నే ఎక్కువ వంచి లాగితే చీలిక మళ్ళీ మధ్యకి వస్తుంది. నా చెయ్యేమో పల్చబడుతున్నదాని మీద జాలిపడి దాన్నే లాగుతుంది. మరుక్షణం టప్‌మని తెగుతుంది.

తొమ్మిదిన్నరకల్లా రెండు విరిచాను. మూడోది ఇచ్చింది. దాదాపు నా ఎత్తుంది, ఒక్క ముడి లేదు, తేనె రంగు. నాకు చేతులు వణికాయి.

ఎందుకంటే ఈ చెట్టు ఇప్పుడు చచ్చిపోతోంది. ఎమరాల్డ్ యాష్ బోరర్ అని ఆకుపచ్చగా మెరిసే పురుగు ఒకటి ఆసియా నుంచి వచ్చింది. సరుకుల పెట్టెల చెక్కలో దాక్కుని వచ్చి ఉంటుందంటారు. 2002లో డెట్రాయిట్ దగ్గర కనిపెట్టారు, 2009కి న్యూయార్క్ రాష్ట్రంలో తేలింది, ఇప్పుడు ఈ అడవుల్లోకీ వచ్చేసింది. దాని పిల్లలు బెరడు కింద వంకరటింకరగా తొలుచుకుంటూ పోతాయి. చెట్టుకి ఆహారం నడిచే దారి తెగిపోతుంది. పెద్ద చెట్టు కూడా కొన్నేళ్ళలోనే ఎండిపోతుంది. 2017లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ బ్లాక్ యాష్‌ని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాబితాలో పెట్టింది. ఇక్కడివాళ్ళు విత్తనాలు ఏరి దాస్తున్నారు, మొక్కలు నాటుతున్నారు. ఆ విత్తనం మొలవాలంటేనే మామూలుగా రెండు చలికాలాలు గడవాలి. బుట్టకి పనికొచ్చే మాను కావాలంటే ఎన్నేళ్ళు పడుతుందో మీరే ఊహించుకోండి. మంచి దుంగలు దొరికితే నీళ్ళల్లో ముంచి ఉంచుతారు. అలా ఉంచితే పురుగు చస్తుంది, చెక్క ఎండిపోకుండా ఏళ్ళ తరబడి ఉంటుంది. ఇవాళ కొడుతున్నది కూడా చెరువులోంచి తీసిన దుంగే.

అలాంటి బద్ద నా చేతిలో. బొంబాయి రవ్వ ఉప్మా కూడా ఉండకట్టకుండా చేయలేని నా చేతిలో.

"ఇది మీరు ఉంచుకోండి. నాకు పనికిరానిది ఏదైనా ఇవ్వండి" అన్నాను.

ఆవిడ తన పని ఆపలేదు. "పనికిరానిది సరిగ్గా చీలదు. అప్పుడు తప్పు నీదో బద్దదో నీకెలా తెలుస్తుంది?" అంది.

నా దగ్గర జవాబు లేదు. మోకాళ్ళ మధ్య పెట్టుకుని లాగాను. సగం దాకా ఎంత బాగా వచ్చిందంటే ఊపిరి తీసుకోవడం మర్చిపోయాను. ఆ తర్వాత విరిగింది.

సారీ చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ వినిపించుకోకుండా బద్ద తీసుకుని, విరిగిన చోటికి జానెడు కింద వేలు పెట్టి "ఇక్కడే మారింది. నువ్వు ఇక్కడ చూశావు" అని విరిగిన చోటు చూపించింది. పొట్టి ముక్కల్ని చిన్న బుట్టల డబ్బాలో వేసి ఇంకోటి నా ఒళ్ళో పెట్టింది. అదీ ముడి లేనిదే.

మధ్యాహ్నం మొక్కజొన్న సూప్. నాకోసం ఒక గిన్నెలో మాంసం లేకుండా బీన్స్‌తో పక్కకి తీసి పెట్టింది, నేను పట్టుకెళ్ళిన పులిహోర వాళ్ళు తిన్నారు. మేనల్లుడు ఎండుమిరపకాయ కూడా వదల్లేదు, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ తిన్నాడు. సూప్‌లో గింజలు లావుగా, మెత్తగా ఉన్నాయి. వాటిని కట్టెల బూడిదతో ఉడికించి, పైపొట్టు వదిలేదాకా నీళ్ళల్లో కడుగుతారు. కడగడానికి వేరే బుట్ట ఉంది, సందులు సందులుగా, నిలువుగా, గట్టిగా అల్లినది. ఆవిడ వంటింట్లో ఉన్నది వాళ్ళమ్మ అల్లినదట. ఇప్పటికీ వాడుతుంది. దాన్ని చూడగానే మా నానమ్మ గంజి వార్చే సిబ్బి గుర్తొచ్చింది. ఆ సిబ్బి ఏమైందని సాయంత్రం అమ్మని అడిగితే "స్టీలుది కొన్నాక ఎవరికి గుర్తుంది" అంది.

తిన్నాక కాసేపు కబుర్లు. ఒకప్పుడు ఇంట్లో అందరూ రాత్రుళ్ళు కూర్చుని అల్లి, కొట్టుకి పట్టుకెళ్ళి ఇచ్చి, పిండీ పంచదారా తెచ్చుకునేవాళ్ళట. స్ట్రాబెర్రీ ఆకారంలో ఎర్రటి బుట్ట, పైన ఆకుపచ్చ తొడిమ, ఒంటినిండా ముళ్ళలా తేలే మెలికలు. అలాంటివి ఎన్ని డజన్లు పోయాయో లెక్కలేదంది. ఈ ఊరి మేరీ ఆడమ్స్ అని పెద్ద కళాకారిణి ఉండేవారు, 1917 నుంచి 1999 దాకా జీవించారు. ఆవిడ 1986లో అల్లిన, అంతస్తుల పెళ్ళి కేకులా ఉండే బుట్ట స్మిత్‌సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. ఫొటోలో చూస్తేనే నాకు తల తిరిగింది. మా పెద్దావిడ మాత్రం ఆ ఫొటోలో అందం కన్నా, అన్ని బద్దలు ఒకే మందంలో ఎలా తీశారో అదే చూస్తుంది.

అంచు కట్టే గడ్డి సంగతి రాయకపోతే ఇవాళ్టి రోజు పూర్తవదు. స్వీట్‌గ్రాస్. ఈ నెలలోనే కోస్తారు, ఒక్కో పోచా ఏరి, శుభ్రం చేసి, ఆరబెట్టి జడ అల్లుతారు. గది గదంతా వెనిలా వాసన. వట్టివేళ్ళ వాసనకి దగ్గరగా ఉంటుందని ఎవరికో రాశాను ఇంతకుముందు. తప్పు, అస్సలు ఉండదు. నది పక్కన ఫ్యాక్టరీలు దశాబ్దాల పాటు వదిలిన పీసీబీలనే విష రసాయనాల వల్ల ఎక్కడ పడితే అక్కడ కోయడానికి జంకే రోజులొచ్చాయి. ఆ నష్టానికి 2013లో ఒప్పందం కుదిరింది. వచ్చిన డబ్బులో కొంత, పెద్దవాళ్ళ దగ్గర కుర్రవాళ్ళు ఇలాంటి పనులు, భాషతో సహా, నేర్చుకోవడానికి పెట్టారు. మంచి ఖర్చు. కానీ గడ్డి కోసుకోవడానికి ముందు నేల ఏమైందో ఆలోచించాల్సి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

బయల్దేరేటప్పుడు నేను పోయిన నెల అల్లిన బుట్టని చేతిలో పెట్టింది, అంచు ఆరిందని. ఎడమపక్కకి ఒరిగి ఉంది. "అమ్మకానికి పెట్టనా?" అని జోక్ వేశాను. ఇక్కడ 1990 నాటి చట్టం ఒకటుంది, గుర్తింపు ఉన్న అమెరికా ఆదివాసీ జాతులకి చెందనివాళ్ళు తాము చేసినవి "ఇండియన్" చేతిపని అని అమ్మితే నేరం. "నేను ఇండియన్‌నే కదా, పాస్‌పోర్టు చూపిస్తాను" అన్నాను. ఆవిడ ఎంతగా నవ్విందంటే మేనల్లుడు పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాడు.

"నియావెన్" అన్నాను. వాళ్ళ భాషలో థాంక్యూ. నేను పలికే తీరు ఆవిడకి నచ్చదు, ప్రతిసారీ సరిచేస్తుంది.

ఇంటికొచ్చాక మావారు బుట్టని అటూ ఇటూ తిప్పి, కింద కాగితం మడిచి పెట్టి నిలబెట్టారు. వెల్లుల్లిపాయలు పోశాను. "ఇదంతా వీడియో తీసి పెట్టుకుంటే సరిపోతుంది కదా" అన్నారు. తీశాను, నలభై నిమిషాలుంది. అందులో ఆవిడ చేతులు కనిపిస్తాయి, లాగే బరువు కనిపించదు. ఆ మాట చెప్పబోయి, ఆకలేస్తుంటే ఎందుకని ఊరుకున్నాను. చారు పెట్టాను.

ఆవిడ ఇచ్చిన విరిగిన ముక్కలు ఏడు ఉన్నాయి, మెలికలు ప్రాక్టీస్ చేయడానికి. బియ్యం కడిగే గిన్నెలో నానబెట్టి సింకు పక్కన పెట్టాను. పొద్దున్నే చెత్త అనుకుని ఎవరూ పారేయకుండా దాని మీద చీటీ అంటించాలి. మర్చిపోకముందే వెళ్ళి రాసొస్తాను.