రంప పితూరీ ఫైళ్ల కోసం ఢిల్లీలో – నా అనుభవం

నా పీహెచ్‌డీ 1922–24 రంప పితూరీ (మన్యం తిరుగుబాటు) మీద. అల్లూరి సీతారామరాజు గురించి మనవాళ్లు రాసినవి చాలానే చదివాను. తెల్లదొరలు తమలో తాము ఏం మాట్లాడుకున్నారో చూద్దామని ఢిల్లీ జన్‌పథ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌కి వెళ్లాను.

లోపలికి వెళ్లడానికి టెన్షన్ పడక్కర్లేదు. యూనివర్సిటీ లెటర్, గుర్తింపు కార్డు, ఒక ఫారం, అంతే. అసలు తిప్పలు ఆ తర్వాతే. 'రంప' అని అడిగితే తీసిచ్చే అర అక్కడ ఉండదు. కాగితం ఏ శాఖలో పుట్టిందో ఆ శాఖ కిందే, వాళ్లు వేసిన నంబరుతోనే ఉంటుంది. శాఖ, బ్రాంచి, సంవత్సరం, ఫైలు నంబరు: ఫైలు కావాలని అడిగే రిక్విజిషన్ స్లిప్‌లో రాయాల్సింది ఇదే. రికార్డులు 1748 నుంచీ ఉన్నాయి. గుడ్డిగా వెతుక్కుంటూ పోతే ఈ జన్మ చాలదు.

కాబట్టి ఆనాటి గుమాస్తాలా ఆలోచించాలి. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడులు జరిగాయి. కబురు ఎవరికి పోతుంది? మద్రాసు సర్కారుకి. రోజువారీ వ్యవహారమంతా ఆ సర్కారుదే, ఆ కాగితాలు ఇప్పుడు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. మద్రాసు వాళ్లు పైకి రాసిందే ఢిల్లీలో దొరుకుతుంది. రాష్ట్ర ప్రభుత్వాలు పదిహేను రోజులకోసారి రాజకీయ పరిస్థితి మీద ఢిల్లీలోని హోం శాఖకు రిపోర్టు పంపేవి. హోం శాఖ పొలిటికల్ బ్రాంచిలో ఉన్న ఆ రిపోర్టులతోనే మొదలుపెట్టాను. తర్వాత పితూరీని అణచడానికి దింపిన అస్సాం రైఫిల్స్ సంగతి. ఎక్కడో ఈశాన్యంలోని బలగాన్ని మన్యంలో దింపడం ఒక్క మద్రాసు వల్ల తేలే పని కాదు, ఢిల్లీతో ఉత్తరాలు నడిచే ఉంటాయని పొలిటికల్ బ్రాంచి ఫైళ్ల జాబితా, అంటే ఇండెక్స్, పట్టుకుని కూర్చున్నాను.

ఫైలు చేతికొస్తే మాత్రం పండగే. ఒక భాగం ఉత్తరాలు, ఇంకో భాగం అధికారులు తమలో తాము రాసుకున్న నోట్స్. ఉత్తరాల్లో భాష కడిగిన ముత్యంలా ఉంటుంది. మనసులో మాటంతా నోట్స్‌లోనే. కింది అధికారి పేజీ నిండా రాస్తే, పైవాడు ఒక్క ముక్క గిలికి, పొడి అక్షరాలు, తేదీ వేసి వదిలేస్తాడు. ఆ పొడి అక్షరాలు ఎవరివో తేల్చుకోవడానికే పూటలు గడిచిపోయేవి. కాగితం అంచులు పెళుసు, రెండు చేతులతో పేజీ తిప్పాలి.

ఇండెక్స్‌లో కనిపించిన ప్రతి ఫైలూ బయటికి రాదు. స్లిప్ మీద 'ఎన్.టి.' (నాట్ ట్రాన్స్‌ఫర్డ్) అని రాసి వస్తే, శాఖ దాన్ని ఆర్కైవ్స్‌కి అప్పగించలేదని అర్థం. శాశ్వతంగా ఉంచాల్సినవాటిని 25 ఏళ్లు దాటాక అప్పగించాలని 1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టం చెబుతూనే ఉంది.

వెళ్లబోయేవాళ్లు రైలు టికెట్ కంటే ముందు నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్ 'అభిలేఖ్ పటల్' తెరవండి. స్కాన్ అయిన ఫైళ్లు ఇంట్లోనే చదువుకోవచ్చు, మిగతావాటి నంబర్లు రాసుకోవచ్చు. పేర్లను మాత్రం ఇంగ్లీషులో రకరకాల స్పెల్లింగులతో కొట్టి చూడాలి.

మద్రాసు ఉత్తరాల్లో కనిపించిన జీవోల నంబర్లన్నీ విడిగా రాసుకున్నాను. వాటి కోసం ఎగ్మోర్ వెళ్లాలి. దానికి మళ్లీ వేరే లెటర్, మా గైడ్‌గారి సంతకం.