నా జీతం కోత నేనే టైపు చేశాను

"మేడమ్, మీ పీఎఫ్ హిస్టరీలో 2024 జులై తర్వాత ఏమీ లేదు. ఆ గ్యాప్‌లో ఏం చేశారు?"

అవతల హైదరాబాద్ నుంచి హెచ్ఆర్ అమ్మాయి. గొంతు చూస్తే ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. మా ఇంట్లో సిగ్నల్ ఉండదు, డాబా మీదకెక్కి మాట్లాడుతున్నాను. ఆ గ్యాప్‌లో ఏం చేశానా? పొద్దున ఎనిమిదింబావుకి ఒంగోల్లో బస్సెక్కి, చీమకుర్తిలో దిగి, రాత్రి ఏడు దాటాక ఇల్లు చేరాను. పద్నాలుగు నెలలకు పైగా. దసరా రోజు మిషన్లకు పూజ చేసి, గుమ్మడికాయ కొట్టి, మధ్యాహ్నం నుంచి మళ్లీ ఇన్వాయిస్‌లు కొట్టాను. ఇదంతా ఆ పిల్లకి ఎట్టా చెప్పను? "ఇంటి దగ్గర ఉన్నానండీ" అన్నాను.

కర్నూలు రోడ్డు మీద సంతనూతలపాడు దాటితే చాలు, చెట్ల ఆకులు కూడా బూడిదరంగులో ఉంటాయి. రాతిపొడి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ గురించి మా జిల్లావాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. నల్లరాయి, అందులో బంగారు చుక్కలు. అది బంగారం కాదు, బ్రోంజైట్ అనే ఖనిజం. ఈ మాట కొనేవాళ్లముందు అనొద్దని మా ఫ్యాక్టరీ ఓనర్ సార్ నవ్వుతూ చెప్పేవారు.

అక్కడ ఒక పాలిషింగ్ ఫ్యాక్టరీలో 2016లో చేరాను. బీకాం, లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ వచ్చు, అంతే. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఆఫీసులో ఎవరికీ ఏమీ తెలియదు. రాత్రిళ్లు ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. మరుసటి ఏడాది ఈ-వే బిల్లు, అంటే సరుకు లారీకి ఆన్‌లైన్‌లో తీసే బిల్లు. లారీ గేటు దగ్గర ఆగితే డ్రైవర్ నేరుగా నా టేబుల్ దగ్గరికే వచ్చేవాడు. చివరికి జీతం 14,000. అందులో బేసిక్ 9,000 అని చూపించేవాళ్లు. దానిమీద పన్నెండు శాతం పీఎఫ్, అంటే 1,080. ఆరోగ్య బీమా కింద కోసే ఈఎస్ఐ 105. చేతికి 12,815. ఈ లెక్క నాకు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఎందుకంటే ప్రతి నెలా నాతో పాటు నలభై మందికి పైగా ఈ కోతలు టైపు చేసింది నేనే.

మా అమ్మ కంటి ఆపరేషన్‌కి కొంత తీద్దామని గత సెప్టెంబర్‌లో ఆన్‌లైన్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచాను. ఆఖరి జమ 2024 జులై నెలది. మూడుసార్లు లాగవుట్ చేసి మళ్లీ చూశాను. పదమూడు నెలలకి 14,040 రూపాయలు నా జీతంలోంచి కోసి, ఎక్కడా కట్టలేదు. యజమాని వాటా లెక్క వేరే.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. ట్యాలీలో పీఎఫ్ చెల్లించాల్సిన ఖాతా నెలనెలా పెరుగుతూనే ఉంది. అది నాకు కనబడుతూనే ఉంది. చలానాలు ఒంగోల్లో ఆడిటర్ ఆఫీసువాళ్లు కడతారు, ఎంట్రీలు ఏడాది చివర వేస్తారులే అనుకున్నాను. మార్చి పోయింది, ఎంట్రీలు రాలేదు. అప్పుడూ అడగలేదు. అడిగితే ఏమవుతుందో లోపల ఎక్కడో తెలుసు కాబట్టేమో.

చివరికి అడిగాను. సార్ ఫోన్ పక్కనపెట్టి, "ఏందమ్మా, నీ డబ్బులు ఎగ్గొట్టి పారిపోతన్నానా? ఎక్స్‌పోర్ట్ లేక మేమే చస్తన్నాం. ఇంట్లో ఆడపిల్లలాగా చూసుకున్నా నిన్ను" అన్నారు. ఆ చివరి మాటకే నాకు మండింది. ఆడపిల్లకి పెట్టాల్సింది ఎగ్గొట్టడం కూడా ఇంటి పద్ధతేనేమో మరి.

వారం తిరక్కముందే ట్యాలీ పాస్‌వర్డ్ మార్చారు. ఒక కుర్రాణ్ణి తెచ్చి నా పక్కన కూర్చోబెట్టి "పని చూపించమ్మా" అన్నారు. చూపించాను. అక్టోబర్ పదిహేనున ఇక రావొద్దన్నారు. ఆ పదిహేను రోజుల జీతం ఇంకా రాలేదు. ఎక్స్‌పీరియన్స్ లెటర్ కోసం రెండుసార్లు వెళ్తే గేటు దగ్గరే "సార్ లేరు" అన్నాడు వాచ్‌మన్. పాపం, అతని జీతంలో కోత కూడా నేనే రాసేదాన్ని.

ఇప్పుడు ఉద్యోగం వెతకడం. ఫోన్‌లో మూడు యాప్‌లున్నాయి. లొకేషన్ ఒంగోలు అని పెడితే వచ్చేవన్నీ ఇన్సూరెన్స్ సేల్స్. అప్లై నొక్కగానే 'మీ ప్రొఫైల్ చూశారు' అని వస్తుంది, ఆ తర్వాత చప్పుడుండదు. ఒక కంపెనీ అయితే మనిషే లేకుండా ఇంటర్వ్యూ పెట్టింది. స్క్రీన్ మీద ప్రశ్న వస్తుంది, తొంభై సెకన్లలో కెమెరాకి జవాబు చెప్పాలి. కింద మా అత్తయ్య కుక్కర్ మూడో విజిల్ వేసేసరికి నా టైమ్ అయిపోయింది. వాట్సాప్‌లో ఒకడు ఇంటి దగ్గరే డేటా ఎంట్రీ, 1,950 కడితే చాలు, తర్వాత వెనక్కి ఇస్తామన్నాడు. తొమ్మిదేళ్లు లెక్కలు రాసినదాన్ని కాబట్టి ఆ ఒక్కచోట మాత్రం మోసపోలేదు.

ఊళ్లో ఒక బట్టల షాపువాళ్లు పిలిచారు. ఎందుకు మానేశారంటే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన క్యాషియర్ వైపు చూశాడు, క్యాషియర్ నావైపు చూసింది. కబురు చేస్తామన్నారు. ఇంకో గ్రానైట్ ఆఫీసులో నా పేరు చెప్పగానే "ఆ పీఎఫ్ గొడవ మీదేనా?" అన్నారు. చీమకుర్తిలో రాయికన్నా మాట వేగంగా కదులుతుంది. అప్పటినుంచి పిల్లల చదువుకోసం మానేశానని చెప్తున్నాను.

అన్నిటికన్నా చిత్రం ఏంటంటే, డబ్బు కట్టనిది ఆయన, గ్యాప్ మాత్రం నాది. ఇప్పుడు చాలా కంపెనీలు లెటర్ కన్నా యూఏఎన్ హిస్టరీనే, అంటే మన పీఎఫ్ నంబర్ మీద ఉండే రికార్డునే నమ్ముతున్నాయి. అందులో లేని నెలల్లో నేను పనిచెయ్యనట్టే.

పీఎఫ్‌వాళ్లు ప్రతి నెలా 27న జిల్లాల్లో 'నిధి ఆప్కే నికట్' అని క్యాంపు పెడతారని తెలిసి వెళ్లాను. పేస్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకెళ్లాను. జీతంలో కోసిన పీఎఫ్ కట్టకపోవడం చట్టం దృష్టిలో నేరపూరిత నమ్మకద్రోహమట. పేస్లిప్పులు మంచి సాక్ష్యమన్నారు అక్కడి అధికారి. ఎవరు టైపు చేశారని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో కూడా పెట్టాను. నంబర్ వచ్చింది, ఇంకా ఏమీ తేలలేదు.

మొన్న ఆదివారం పాలిషింగ్ లైన్‌లో పనిచేసే ఒడిశా కుర్రాడు ఫోన్ చేశాడు. "దీదీ, మాది కూడా చూస్తారా?" ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని బస్సెక్కి వచ్చాడు. అత్తయ్య టీ పెట్టింది. ఒకతని ఓటీపీ ఎప్పుడో పారేసిన సిమ్‌కి పోతోంది, అది కుదరలేదు. మిగతా ఇద్దరివీ తెరిచాను.

రెండింట్లోనూ ఆఖరి లైను 2024 జులై.