ఇద్దరు పిల్లలతో సింగపూర్ వెళ్లొచ్చాం

మా బాబుకు రెండేళ్లు నిండేలోపు ఒకసారి విదేశం వెళ్లి రావాలని మా ఆయన కోరిక. రెండేళ్లలోపు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, టికెట్ ఖర్చు బాగా తగ్గుతుంది. తిరిగొచ్చే రోజుకి రెండేళ్లు దాటితే మాత్రం వాడికీ సీటు కొనాల్సిందే. బాబు పుట్టినరోజు ఫిబ్రవరిలో. అందుకని సంక్రాంతి సెలవులు ఖాయం చేసుకున్నాం. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం, అక్కడ ఇడ్లీ, పెరుగన్నం దొరుకుతాయి. కాబట్టి సింగపూర్. జూలైలోనే పని మొదలుపెట్టాం. ఆరు నెలలు చాలా ఎక్కువ అనుకున్నాను. అందులో నాలుగు నెలలు పాస్‌పోర్టుకు కావాల్సిన బాబు బర్త్ సర్టిఫికెట్‌కే పోయాయి.

పురిటికి నేను గోదావరి జిల్లాలో ఉన్న పుట్టింటికి వెళ్లాను. బాబు పుట్టిన వారానికే ఆసుపత్రి వాళ్లు వివరాలు పంపేశారు. మాకేమో బారసాల ఇరవై ఒకటో రోజున. పేరు పెట్టకముందే నమోదైన సర్టిఫికెట్‌లో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంది. పైగా నా పేరు చివర ఇంగ్లీషులో ‘ఐ’ ఉండాల్సిన చోట ‘వై’ పడింది. పసిబిడ్డ హడావిడిలో అప్పుడు ఎవరం చూసుకోలేదు.

పేరు చేర్పించడం తేలికే. మొదటి ఏడాదిలోపు రుసుము ఉండదు, ఆ తర్వాత పదిహేనేళ్ల వరకూ ఆలస్య రుసుము కట్టి చేర్పించుకోవచ్చు. ఆ ఒక్క అక్షరం దిద్దించడానికే చుక్కలు కనిపించాయి. ఎక్కడ పుట్టాడో అక్కడే దిద్దించుకోవాలి, మేమేమో వేరే రాష్ట్రంలో ఉన్నాం. ఆసుపత్రి నుంచి లెటర్, నోటరీ అఫిడవిట్, నా టెన్త్ మెమో, ఒక్కోసారి ఒక్కో కాగితం అడిగారు. మా నాన్నగారు డెబ్బై ఏళ్ల మనిషి, ఎండలో ఐదుసార్లు ఆ ఆఫీసుకు తిరిగారు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. “వాడి కాగితమేగా అమ్మా, జీవితాంతం పనికొస్తుంది” అనేవారు. ఇంట్లో పసిబిడ్డ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఈరోజే ఆ సర్టిఫికెట్ తీసి మీ పాస్‌పోర్టు పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి.

ఇంటిపేరు సంగతి కూడా చెప్పాలి. మనం ఇంటిపేరు ముందు రాసి, ఒక్క అక్షరంతో సరిపెట్టేస్తాం. పాప స్కూల్ రికార్డుల్లో పేరు ముందు ఉత్త ‘కె’ ఉంది. పాస్‌పోర్టు ఫారంలో ఇంటిపేరుకు వేరే గడి ఉంటుంది. మా ఆయన పాస్‌పోర్టులో ఎలా ఉందో పొల్లుపోకుండా అలాగే ఇద్దరు పిల్లలకూ పూర్తిగా రాశాం. పిల్లల పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసే అనెక్సర్ డి అనే అంగీకార పత్రం ఇచ్చాం. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఫీజులో 10 శాతం తగ్గింపు ఉంది. ఆరేళ్ల పాపకు పాస్‌పోర్టు ఆఫీసులోనే ఫొటో తీశారు. నాలుగేళ్లలోపు పిల్లల ఫొటో మాత్రం మనమే పట్టుకెళ్లాలి. తెల్ల దుప్పటి పరిచి, బాబును పడుకోబెట్టి, పైనుంచి తీశాం. కళ్లు తెరిచి, నోరు మూసి, మా చేతులు పడకుండా. నలభై తీస్తే ఒకటి పనికొచ్చింది.

వీసాను గుర్తింపు ఉన్న ఏజెంట్ ద్వారా చేయించాం, పెద్ద కష్టం కాలేదు. ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో ఎస్‌జీ అరైవల్ కార్డు (సింగపూర్‌లో దిగేవాళ్ల వివరాల ఫారం) నింపాలి, చంటిపిల్లల పేరున కూడా. అది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే సైట్ కనిపిస్తే వెంటనే మూసేయండి.

భోగిపళ్లు పోయకుండా పిల్లాణ్ణి గడప దాటనివ్వనని అత్తయ్య పట్టుబట్టారు. భోగి సాయంత్రం పళ్లు పోసి, దిష్టి తీసి, ఆ రాత్రే విమానం ఎక్కాం. బాబు స్వెట్టర్ టోపీలో ఒక రేగిపండు ఉండిపోయింది. దాన్ని విమానంలో పాప తినేసింది. దిగేటప్పుడు చెవులు నొప్పెట్టకుండా బాబుకు పాలు పట్టాను, ఏడవలేదు.

అసలు ఇబ్బంది అక్కడికి వెళ్లాక వచ్చింది. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. ఇక్కడ పదింటికి పడుకునే పిల్లలకు అక్కడ పన్నెండున్నర దాకా నిద్ర రాదు. మొదటి రెండు రోజులు పొద్దున్నే లేపి జూకు, ఊరికి తిప్పాలని చూశాం. ఇద్దరూ ఏడుపే. నాకు టెన్షన్, మా ఆయనకు కోపం. మూడో రోజు అలారం తీసేశాం. పిల్లలు అక్కడి టైమ్‌లో పదింటికి లేచారు, హాయిగా తిన్నారు. అప్పుడు తట్టింది, ఈ తేడా సాయంత్రాలు మనకే కలిసొస్తుందని. గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోటలో రాత్రి 8:45 దీపాల షో అంటే మా పిల్లల లెక్కలో ఆరుంబావే. అక్కడి పిల్లలు తల్లుల భుజాల మీద నిద్రపోతుంటే మావాళ్లు గంతులేశారు. నైట్ సఫారీ కూడా అంతే. 1994లో మొదలైన ఆ రాత్రిపూట జూలో ట్రామ్ ఎక్కి చీకట్లో జంతువుల్ని చూస్తూ వెళ్తుంటే, పాప ఊపిరి బిగబట్టి నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి కోసమే ఇంత దూరం వచ్చామనిపించింది. అప్పటినుంచి రోజుకు ఒకే చోటు, అదీ మధ్యాహ్నం తర్వాతే. జనవరి కదా, ఎలాగూ వానలు కూడా ఎక్కువే.

ఎక్కడికైనా అక్కడి మెట్రో రైలు ఎమ్మార్టీలోనే తిరిగాం, స్ట్రాలర్‌తో ఎక్కడానికి వీలుగా లిఫ్టులున్నాయి. కారు కావాలంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. 1.35 మీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకు అక్కడ ప్రత్యేక సీటు ఉండాలి. మామూలు టాక్సీలకు మినహాయింపు ఉంది కానీ, యాప్‌లో వచ్చే ప్రైవేటు కార్లకు లేదు. మాకు తెలియక బుక్ చేస్తే డ్రైవర్ మర్యాదగా చెప్పి వెళ్లిపోయాడు.

కనుమ రోజు లిటిల్ ఇండియాకు వెళ్లాం. పొంగల్ దీపాలతో వీధంతా వెలిగిపోతోంది. సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడిలో దండం పెట్టుకుంటుంటే అత్తయ్య గుర్తొచ్చి వీడియో కాల్ చేశాను. పండగపూట పిల్లలు దగ్గర లేరన్న బెంగ ఆ కాల్‌తో కాస్త తగ్గిందన్నారు.

పాప మాత్రం మొదటి రోజు నుంచీ పాస్‌పోర్టులో సింగపూర్ ముద్ర కోసం ఎదురుచూసింది. ముద్ర పడుతుందని మేమే ఆశ పెట్టాం. ఇప్పుడు అక్కడ ముద్ర వేయడం లేదు, అక్కడ ఉండటానికిచ్చే అనుమతి పాస్ ఈమెయిల్‌కు వస్తుంది. ఇంటికొచ్చాక పేజీలన్నీ తిరగేసి, సింగపూర్ ముద్ర కనపడక, తన బోర్డింగ్ పాస్ ముక్కను మొదటి పేజీలో పెట్టి మూసింది. ఇప్పటికీ అది అక్కడే ఉంది.