కొట్టివేసిన ఒక్క మాట

అనంతపురం ఇంజనీరింగ్ కళాశాలలో మా అమ్మాయి ఎలక్ట్రికల్ విభాగంలో చేరిన రోజున, దరఖాస్తులో ‘స్త్రీ’ అన్న గడిలో టిక్కు పెట్టి, మరో ఆలోచన లేకుండా పేజీ తిప్పేసింది. పక్కనే కూర్చున్న నాకు మాత్రం భారతదేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత గారు గుర్తుకు వచ్చారు.

1919లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టిన ఆమెకు పదిహేనేళ్లకే పెళ్లయింది. పద్దెనిమిదేళ్లకు, ఒడిలో నెలల పాప ఉండగా, భర్త పోయారు. భర్తను కోల్పోయిన స్త్రీ గడప దాటడమే తప్పుగా ఎంచిన ఆ కాలంలో, గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఆచార్యులుగా ఉన్న తండ్రి పప్పు సుబ్బారావు గారు కూతురి పక్షాన నిలబడి, కళాశాల పెద్దలను ఒప్పించి, 1940లో ఆమెను అక్కడే చేర్పించారు. అటువంటి తండ్రిని ఎంత తలచుకున్నా తక్కువేనని నాకు అనిపిస్తుంది.

చదువు పూర్తయ్యాక ఇచ్చిన పట్టా నన్ను మరీ కదిలిస్తుంది. అది మగవారి కోసమే అచ్చు వేసిన కాగితం కావడంతో, ఇంగ్లీషులో ‘అతడు’ అన్న మాటను కొట్టివేసి, ‘ఆమె’ అని సిరాతో రాసి ఇచ్చారు. ఆ తరువాత ఆమె కలకత్తాలో విద్యుత్ లైన్లకు, సబ్‌స్టేషన్లకు రూపకల్పన చేశారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సుకూ వెళ్లారు.

ఆ రాత్రి ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, “అమ్మా, ఆ పట్టా ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?” అని అడిగింది.