కాశీలో పడవ ఎక్కాలా, వద్దా?

"గుడికెళ్దాం, గంగలో మునుగుదాం, పడవ మాత్రం వద్దురా" అని రాజమండ్రిలో రైలెక్కకముందే అమ్మ తేల్చేసింది. గోదారి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పట్నుంచి, పాపికొండలు పేరెత్తితేనే మాట మార్చేస్తుంది.

మొదటి సాయంత్రం దశాశ్వమేధ ఘాట్‌లో కాలు పెట్టామో లేదో, "అమ్మా, బోటు, హారతి!" అంటూ తెలుగులోనే చుట్టుముట్టారు. మనిషికి 500తో మొదలై 200కి దిగారు. నిజం చెప్పొద్దూ, నాకు ఆశ పుట్టింది. తీరా చూస్తే ఆ మోటారు బోటు పండగ రోజు ఆర్టీసీ బస్సులా ఉంది. లైఫ్ జాకెట్లు ఓ మూల కుప్పగా పడున్నాయి, ఒక్కరి ఒంటి మీదా లేవు. పైగా హారతి అయ్యేదాకా బోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని అక్కడే నిలబడతాయి. ఆ మాత్రానికి మెట్ల మీదే కూర్చున్నాం.

కాశీ ఘాట్లు గంగకు పడమటి ఒడ్డున, తూర్పు ముఖంగా ఉంటాయి. ఎండ సూటిగా పడేది పొద్దున్నే. ఎక్కితే అప్పుడే ఎక్కాలి. వానాకాలంలో నీళ్లు పెరిగితే పడవలు ఆపేస్తారు గానీ, మేం వెళ్లింది కార్తీకంలో. ఇదంతా అమ్మకి చెప్తే "చూద్దాంలే" అంది. సగం పనైనట్టే.

తెల్లారి, ఎరుపు తెలుపు చారల కేదార ఘాట్ దగ్గర తెడ్లు వేసే చిన్న పడవ దొరికింది. మణికర్ణిక దాకా వెళ్లి రావడానికి ఇద్దరికీ 800. తిరుగు దారిలో ఏటికి ఎదురు లాగాలి కదా, నేను గట్టిగా బేరమాడలేదు. అమ్మ బేరం వేరే. జాకెట్ బకిల్ పెట్టి రెండు చేతులా గుంజింది. ఊడొచ్చింది. ఇంకోటి అడిగింది. అదీ అంతే. మూడోది నిలబడింది. శాలువా మీదే బిగించుకుని, పడవ అంచు పట్టుకుని కూర్చుంది.

దశాశ్వమేధం దాటాక ఆ చెయ్యి వదిలింది. ఆకు దొన్నెలో దీపం వదిలి, "మన అరటి దొప్పైతే ఇంకా దూరం పోయేది" అంది. మణికర్ణికలో చితులు కాలుతున్నాయి. ఫోన్ జేబులో పెట్టేశాను.

దిగి నాలుగు మెట్లెక్కామో లేదో, వెనక నుంచి పడవాయన కేకేశాడు.

"అమ్మా, జాకెట్!"