చీకటి పరదాల వెనుక క్రిస్మస్

"చీకటిలో నడుచు జనులు గొప్ప వెలుగును చూచుచున్నారు" (యెషయా 9:2). క్రిస్మస్ ఆరాధనలో ఈ మాట చదివి, నేరుగా శిశువు పుట్టిన 6వ వచనానికి వెళ్లిపోతాం. మధ్యలో 5వ వచనం ఉంది: యోధుల జోళ్లు, రక్తంలో పొర్లిన బట్టలు మంటల్లో కాలిపోతాయని. అష్షూరు సామ్రాజ్య సైన్యం ఇశ్రాయేలు ఉత్తరాన జెబూలూను, నఫ్తాలి నేలల్ని తొక్కిన కాలం అది. ఈ వాగ్దానం మొదట చేరిందే యుద్ధంలో నలిగిన ఊళ్లకు.

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌లో పెరిగిన పిల్లలకు చీకటంటే నిజంగా చీకటే. 1939 సెప్టెంబరు 1న బ్లాకౌట్ మొదలైంది, అంటే శత్రు విమానాలకు ఊళ్లు కనబడకుండా రాత్రిపూట వెలుగు బయటికి రానివ్వకూడదన్న ఆజ్ఞ. కిటికీ అంచున సన్నటి వెలుగు గీత కనబడినా కాపలా తిరిగే వార్డెన్ వచ్చి తలుపు తట్టేవాడు. ఇంటి కిటికీకి నల్లగుడ్డ చాలు. చర్చిలో నిలువెత్తు రంగుటద్దాలను కప్పడం ఎవరి తరం? అందుకే చాలాచోట్ల సాయంత్రం ఆరాధన పొద్దుండగానే ముగించేవారు. 1940 జూన్ నుంచి చర్చి గంటలూ మూగబోయాయి, శత్రువు దిగితేనే మోగించాలని ఆజ్ఞ. 1942 క్రిస్మస్ రోజున మోగించనిచ్చారు.

ఇంట్లో పండుగ పుడ్డింగ్‌తో, అంటే ఎండుపండ్లు వేసి ఆవిరి మీద ఉడికించే తీపి వంటకంతో మొదలయ్యేది. క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆగమన కాలానికి (అడ్వెంట్) ముందు ఆదివారం, ప్రజల మనసుల్ని కదిలించమని ఆంగ్లికన్ చర్చిలో ప్రార్థిస్తారు. ఆ ప్రార్థనలోని ఇంగ్లీషు మాట "స్టర్ అప్"కి కలపడమనీ అర్థం ఉంది, అందుకే పుడ్డింగ్ కలిపే రోజూ అదే. ఇంట్లో ప్రతి ఒక్కరూ గరిటె పట్టి, జ్ఞానులు వచ్చిన దిక్కును తలుచుకుంటూ తూర్పు నుంచి పడమరకు పిండి కలుపుతారు. కానీ రేషన్‌లో మనిషికి వారానికి గుడ్డు ఒకటి, వెన్న సుమారు 55 గ్రాములు, చక్కెర సుమారు 225 గ్రాములు. పుడ్డింగ్‌లో పడే ప్రతి పిడికెడూ ఇంటిల్లిపాదీ వారాల తరబడి మానుకుని దాచిందే. నాకు ఆ దాచడమే ఆరాధనలా కనిపిస్తుంది.

గుడ్డూ చక్కెరా లేని పద్ధతి ఒకటి వాడుకలో ఉండేది. గోధుమపిండి కప్పు, రొట్టెపొడి కప్పు, తురిమిన పశువు కొవ్వు అర కప్పు, ఎండుద్రాక్షలాంటివి అర కప్పు, మసాలా పొడి చెంచా. అందులో పచ్చి క్యారెట్ తురుము కప్పు, పచ్చి బంగాళాదుంప తురుము కప్పు. తీపి క్యారెట్‌ది, తడి దుంపది. చివర్లో చెంచా వంటసోడా రెండు పెద్ద చెంచాల వేడినీళ్లలో కరిగించి కలపాలి. కలిపాక ఆలస్యం చేస్తే పొంగు చచ్చి ముద్ద రాయిలా గట్టిపడుతుంది. గిన్నెకు నూనె రాసి మూడింట రెండు వంతులే నింపాలి. గుడ్డ బిగించి కనీసం రెండు గంటలు ఆవిరి మీద ఉంచాలి. కింద నీళ్లు ఇంకిపోకుండా మరిగే నీళ్లే పోస్తుండాలి, చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోతుంది.

యుద్ధం ముగిసినా కొరత పోలేదు. యుద్ధమంతా కార్డు లేకుండా దొరికిన రొట్టెకే 1946 జులైలో రేషన్ పెట్టారు. పిల్లల మిఠాయిలకు 1953 ఫిబ్రవరి దాకా, మాంసానికి 1954 జులై దాకా ఆగాల్సి వచ్చింది. యెషయా వచనంలో జనులు చీకటి దాటాక వెలుగు చూడలేదు, అందులో నడుస్తూనే చూశారు.

రంగుటద్దాలు పగలు లోపలివాళ్లకు వెలుగుతాయి, రాత్రి లోపల దీపాలుంటే వీధిలోవాళ్లకు. 1945 క్రిస్మస్‌కి, అద్దాలు మిగిలిన చర్చిల్లో పరదా లేకుండా దీపాలు పెట్టుకోగలిగారు. యుద్ధం మొదలైన ఏడు పుట్టిన పిల్లలకు అప్పటికి ఆరేళ్లు. వాళ్ల వీధి చర్చి కిటికీలోని బొమ్మలు రాత్రిపూట బయటికి వెలిగే క్రిస్మస్ వాళ్లకు ఇంకా కొత్తే.