66లో 40

“అలా అనుకోవడం తప్పు కదండీ?” అంది థెరపిస్టు. “అవునండీ” అన్నాడు క్లయింటు. ఇవాళ్టి CBT (ఆలోచనల్నీ ప్రవర్తననీ పరిశీలించి మార్చే మాటల చికిత్స) ట్రైనింగ్ రోల్‌ప్లే టేపులో గైడెడ్ డిస్కవరీ (ప్రశ్నలడిగి జవాబు క్లయింటే కనుక్కునేలా చెయ్యడం) మార్కు పోయింది సరిగ్గా అక్కడే.

అడగాల్సింది వేరు. “అలా అనిపించడానికి ఆధారమేంటి? దానికి ఎదురుగా ఉన్నదేంటి?” అని అడిగి, ఆగాలి. ఆ ఆగడమే చాలామందికి చేతకాదు.

మార్కులు వేసే ఈ స్కేలు, కాగ్నిటివ్ థెరపీ రేటింగ్ స్కేల్, ఆ థెరపీకి ఆద్యుడైన ఆరన్ బెక్ బృందానిది. ఆయన, కూతురు జుడిత్ కలిసి 1994లో ఫిలడెల్ఫియా దగ్గర పెట్టిన లాభాపేక్ష లేని బెక్ ఇన్‌స్టిట్యూట్‌ శిక్షణలోనూ టేపులకి ఈ కొలతనే వాడుతూ వచ్చారు. 11 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 6. మొత్తం 66కి 40 వస్తే గట్టెక్కినట్టు.

మన దగ్గర ఇంకో తంటా. డాక్టరు ముందు “అవునండీ” అంటే ఒప్పుకున్నట్టు కాదు, మర్యాద. అందుకే చివర్లో “అర్థమైందా?” అని కాకుండా “ఇవాళ నేనన్న వాటిలో మీకు నప్పనిదేంటి?” అని అడిగితేనే ఫీడ్‌బ్యాక్ వచ్చేది.

హోంవర్కు సంగతి సరేసరి. లేచి వెళ్తుంటే “కుదిరితే రాయండి” అంటే ఎవరూ రాయరు. సెషన్లోనే మొదటి వరుస రాయించాలి. “చేసే అవకాశం నూటికి ఎంత?” అని అడగాలి. 90 కన్నా తక్కువ చెబితే పని సగానికి కోసెయ్యడమే.